మకావులో ఏటా మనిషికి పదివేలు పంచుతారట, నిజమేనా?

విశాఖ_విహారి
మా బాబాయి స్నేహితుడు ఒకాయన ఈమధ్య చైనాలోని మకావు వెళ్లి వచ్చారు. వస్తూ ఒక బిస్కట్ల డబ్బా, ఒక వార్త మోసుకొచ్చారు. అక్కడ ప్రభుత్వం ఏటా ప్రతి మనిషికీ 10,000 పటాకాలు (అక్కడి డబ్బు) ఊరికే ఇస్తుందట. మన లెక్కలో లక్ష రూపాయల పైమాటే. పసిబిడ్డకూ అంతే, పండుముసలికీ అంతే. బాబాయి దీన్ని మా కుటుంబ వాట్సాప్‌లో పెట్టి, "అక్కడెవరూ సోమరిపోతులు కాలేదు, మన దగ్గర రెండువేలు ఇస్తే మాత్రం దేశం మునిగిపోతుందంటారు" అని ఒక ఉపన్యాసం జోడించారు. మా అన్నయ్య "కట్టుకథ" అని ఒక్క ముక్కలో కొట్టిపారేశాడు. అప్పటినుంచి ఇద్దరికీ మాటల్లేవు. ఆదివారం ఇంట్లో సత్యనారాయణ వ్రతం, ఇద్దరూ ఒకే పంక్తిలో కూర్చోవాలి. తెలిసినవారు చెప్పండి. నిజమేనా? నిజమైతే ఆ డబ్బు ఎక్కడిది?

కారం_పొడి
పటాకాలంటే దీపావళికి కాల్చేవి కదా. పదివేలు ఇస్తానంటే ఎవరు వద్దంటారు.

లెక్కల_పంతులు
నిజమే. 2008లో మొదలైంది. మొదటి ఏడు శాశ్వత నివాసులకు 5,000, శాశ్వతం కాని నివాసులకు 3,000. పెరుగుతూ పెరుగుతూ 2019 నాటికి 10,000, 6,000 అయ్యాయి. ఆదాయ పరిమితి లేదు, దరఖాస్తు లేదు. కోటీశ్వరుడికీ వస్తుంది.

డబ్బంతా జూదం నుంచే. చైనా మొత్తంలో కాసినో చట్టబద్ధమైన చోటు అదొక్కటే. కాసినోల రాబడి మీద అన్నీ కలిపి 40 శాతం పన్ను. 2024లో రాబడి సుమారు 22,700 కోట్ల పటాకాలు, అంటే సర్కారు వాటా 9,000 కోట్లు. ఏడు లక్షల మందికి తలా పదివేలంటే 700 కోట్లు. పన్నులో పదో వంతు కూడా పోలేదు. మీ అన్నయ్య ఓడిపోయినట్టే.

కానీ బాబాయి గెలిచినట్టూ కాదు. ఆంధ్రలో 5 కోట్ల మందికి తలా లక్ష పంచితే 5 లక్షల కోట్లు కావాలి. 2025-26 రాష్ట్ర బడ్జెట్ మొత్తం కలిపినా 3.22 లక్షల కోట్లు. జీతాలూ రోడ్లూ బడులూ అన్నీ మానేసినా చాలదు.

కారం_పొడి
పంతులు గారు ఎప్పుడూ ఇంతే, కల మొదలయ్యేలోపే నిద్ర లేపేస్తారు.

ధర్మపన్నాలు
జూదం డబ్బు తిని బతికే ఊరిని ఆదర్శమంటారా? ధర్మరాజు అంతటివాడే పాచికల దగ్గర రాజ్యం పోగొట్టుకున్నాడు. చైనా వాళ్లు తమ జనానికి నిషేధించి ఒక మూలన ఎందుకు పెట్టుకున్నారో మరి.

యానాం_కుర్రాడు
నిషేధించారు కాబట్టే ఆ మూలకు అంత విలువ. మా ఊరివాణ్ని అడగండి, చెబుతాను.

1929లో బ్రిటిషు వాళ్లు శారదా చట్టం తెచ్చి బాల్యవివాహాలు ఆపేస్తే చుట్టుపక్కల గోదావరి జిల్లాల వాళ్లు బళ్లు కట్టుకుని యానాం వచ్చి పెళ్లిళ్లు చేసుకుని పోయేవారు. మాది ఫ్రెంచి ఏలుబడి, ఆ చట్టం ఇక్కడ వర్తించదు. అందుకే కల్యాణపురం అని పేరు పడింది. పురోహితులకూ వంటవాళ్లకూ బళ్లవాళ్లకూ చేతినిండా పని. ఇప్పుడు పెళ్లిళ్ల బదులు చౌక పెట్రోలు, చౌక మద్యం. సరిహద్దు దాటి ఆంధ్ర బండి రాని రోజున మా దుకాణదారు ఈగలు తోలుకుంటాడు.

మకావు కూడా అదే కథ అనుకుంటాను, కాకపోతే అవతలి పక్క నూటనలభై కోట్ల మంది.

పాత_సంపాదకుడు
యానాం పోలిక బాగుంది. దానికి ఒక చేర్పు. మకావుకు పోర్చుగీసు వాళ్లు 1557లో వచ్చి స్థిరపడ్డారు. చాలాకాలం ఆ ఊరు గోవా నుంచే నడిచింది, 1844 దాకా గోవా రాజప్రతినిధి కిందే. అక్కడ పోలీసు పనికి గోవా నుంచి తెచ్చిన సిపాయిల కోసం 1874లో కట్టిన బారకాసు ఇప్పటికీ ఉంది. గోవాలో పోర్చుగీసు రూపాయి నోట్లు అచ్చువేసిన బ్యాంకే ఈనాటికీ మకావులో పటాకా నోట్లు అచ్చువేస్తోంది. నోట్లు వేసే ఇంకో బ్యాంకు చైనాది. సర్కారు సొంతంగా నోట్లు వేయదు.

1999 డిసెంబరు 20న చైనాకు అప్పగించారు. ఒకే దేశం, రెండు వ్యవస్థలు. 2049 దాకా సొంత డబ్బు, సొంత పన్నులు, సొంత కోర్టులు, పోర్చుగీసు పద్ధతి చట్టాలు. రక్షణ, విదేశాంగం బీజింగువి.

అసలు విషయం ఏమిటంటే, ఈ పంపకం ఎందుకు మొదలైందో ఎవరూ అడగలేదు. 2006 డిసెంబరులో ప్రజాపనుల శాఖ చూసే కార్యదర్శి ఆవ్ మాన్ లాంగ్ లంచాల కేసులో దొరికాడు. కాసినోల భూములూ కాంట్రాక్టులూ అన్నీ ఆయన చేతి మీదుగా నడిచినవే. తర్వాత 27 ఏళ్ల శిక్ష పడింది. 2007 మే డే నాడు అవినీతి మీదా, బయటి కూలీలను దొంగతనంగా తెచ్చి పెట్టుకోవడం మీదా జనం వీధుల్లోకి వచ్చారు. పోలీసు గాలిలోకి కాల్చిన గుండు దారిన పోయే మోటారుసైకిలు మనిషికి తగిలింది. మరుసటి ఏడే చెక్కులు వచ్చాయి. అంకెలు చూసి మురిసేముందు తేదీలు కూడా చూడాలి.

లెక్కల_పంతులు
అంటే నోరు నొక్కడానికి ఇచ్చారంటారా? ధరలు పెరుగుతున్నాయి, ఖజానాలో మిగులు ఉంది, పంచారు. అంతకంటే కుట్ర ఎందుకు వెతకడం?

పాత_సంపాదకుడు
కుట్ర అనలేదు. మిగులు ఉన్న ప్రభుత్వాలన్నీ చెక్కులు పంచవు కదా. ఏ ఏడాది తోచింది, ఎందుకు తోచింది అన్నదే నేను చెప్పింది.

నీలి_కార్డు
ఈ దారం చూసి నవ్వు వచ్చింది. నేను ఉన్నది మకావులోనే, తొమ్మిదేళ్లుగా. ఒక పెద్ద హోటలులో కంప్యూటర్ల నిర్వహణ. సొంతూరు తెనాలి దగ్గర.

నాకు పదివేలు రావు. ఆరువేలూ రావు. ఒక్క పటాకా రాదు. పంతులు గారు చెప్పిన రెండు రకాల నివాసుల కింద మూడో రకం ఉంది, ప్రవాస కార్మికుడు. చేతిలో ఉండేది నీలి కార్డు. మేము సుమారు 1.8 లక్షల మందిమి. మొత్తం జనాభా 6.9 లక్షలు, అంటే ప్రతి నలుగురిలో ఒకరు. చైనా ప్రధాన భూభాగం వాళ్లు, ఫిలిప్పీన్స్ వాళ్లు, వియత్నాం వాళ్లు ఎక్కువ. కాసినో గుమ్మాల దగ్గర నిలబడే భద్రతా సిబ్బందిలో నేపాలీలు చాలామంది. ఏడేళ్లు ఉంటే శాశ్వత నివాసం వస్తుందని బయట అనుకుంటారు. నీలి కార్డు మీద గడిపిన ఏళ్లు ఆ లెక్కలోకి రావు. నాకు తొమ్మిదైనా పందొమ్మిదైనా ఒకటే.

చెక్కులు సాధారణంగా జూలైలో మొదలవుతాయి. బ్యాంకు ఖాతా జతచేసుకున్నవాళ్లకు నేరుగా పడుతుంది. మిగతావాళ్లకు టపాలో వస్తుంది, పుట్టిన ఏడాది వరుసలో, ముందు ముసలివాళ్లకు. మా భవనం కింద వరుసగా ఇనుప టపా పెట్టెలు. ఆ వారమంతా ఎదురింటి అవ్వ రోజుకు మూడుసార్లు లిఫ్టు దిగి పెట్టె తీసి చూసుకుంటుంది. వచ్చిన రోజున కవరు తెరవకుండా గుండెకు ఆనించి పట్టుకుని పైకి వస్తుంది. ఆమె కొడుకు కాసినోలో టేబుల్ దగ్గర ముక్కలు పంచే ఉద్యోగి. ఆ ఉద్యోగం స్థానికులకే, మాలాంటివాళ్లకు ఇవ్వరు. స్థానికుల నెల ఆదాయం మధ్యస్థంగా 20,000 పటాకాలు. ఆ అవ్వకు ఈ పదివేలు అవసరం. కాసినోల పేట కోటాయిలో మూడు ఫ్లాట్లున్న ఇంకొకాయనకు లేదు. ఇద్దరికీ ఒకే అంకె.

పొద్దున ఆరింటికి సరిహద్దు గేటు దగ్గర నిలబడి చూడాలి. అవతల జుహాయి నగరంలో అద్దెలు తక్కువ కాబట్టి వేలమంది అక్కడ పడుకుని ఇక్కడ పనిచేస్తారు. గేటు తీయగానే వరద. వాళ్ల పక్కనే కూరగాయల బండ్లు, ఆకుకూరల కట్టలు. ఇక్కడ పొలం అన్నది లేదు. తాగేనీరు, కరెంటులో చాలా భాగం అవతలినుంచే. గేటు దాటాక కాసినోల ఉచిత బస్సులు బారులు తీరి ఉంటాయి. పోగొట్టుకునేవాడికీ, పోగొట్టించే ఉద్యోగికీ రెండు వేరువేరు బస్సులు.

కారం_పొడి
@నీలి_కార్డు ఇంతకీ పటాకాలు కాలుస్తారా లేదా?

నీలి_కార్డు
నవ్వులాటకు అన్నా ఒకప్పుడు ఇక్కడి పెద్ద పరిశ్రమల్లో బాణసంచా ఒకటి. మకావులోనే తైపా అనే చోట పాత కర్మాగారం ఆవరణ ఇప్పుడు పార్కులా తెరిచారు. ఇంకో తమాషా: కాసినోలో పందెం దాదాపుగా పటాకాల్లో కాయరు, హాంగ్‌కాంగ్ డాలర్లలోనే. సొంత ఊళ్లో సొంత డబ్బుకు విలువ లేని చోటు అదే.

హాంగ్‌కాంగ్_ఇల్లాలు
మేము కూడా పిల్లలతో వెళ్లొచ్చాం, పడవలో గంట. 2018లో తెరిచిన 55 కిలోమీటర్ల వంతెన మీద బస్సు కూడా ఉంది. నల్లరాయి తెల్లరాయి అలల్లా పరిచిన సెనాడో కూడలి, నీలి పలకల మీద రెండు భాషల్లో వీధిపేర్లు, ఎంత ముద్దుగా ఉందో. ఆ వీధిపేర్లలో పోర్చుగీసు చదవగలిగినవాళ్లు మాత్రం మాకు ఒక్కరూ తగల్లేదు.

పంపకం విషయానికొస్తే హాంగ్‌కాంగ్ కూడా 2011లో 6,000 డాలర్లు, 2020లో 10,000 ఇచ్చింది. ఏటా కాదు, పెద్దవాళ్లకు మాత్రమే. మాకు 2020లోది వచ్చింది, ఏడేళ్లు నిండి శాశ్వత కార్డు అప్పటికే ఉంది. నీలి కార్డు గారి మాట చదివాక అదెంత అదృష్టమో తెలిసింది. ఇక్కడ కూడా ఇంటిపని చేసే ఫిలిప్పీన్స్, ఇండోనేషియా అమ్మాయిలకు ఎన్నేళ్లున్నా ఆ కార్డు రాదు. 2013లో పై కోర్టు కూడా రాదనే తేల్చింది. ఆదివారం పూట వంతెనల కింద అట్టపెట్టెలు పరుచుకుని కూర్చుంటారు.

దుబాయ్_రమణ
దీనికి ఇంత ఆశ్చర్యమా? గల్ఫులో ముప్పై ఏళ్లుండి తిరిగి వచ్చేసినవాళ్లు మా ఊళ్లో ఇంటికొకరు. అక్కడి పౌరుడికి ఇల్లు, చదువు, వైద్యం. మనకు జీతం, తిరుగు టికెట్. ఒప్పుకునే వెళ్తాం. నీలి_కార్డు తమ్ముడూ, జీతం తెనాలిలో కంటే ఎక్కువ రాకపోతే తొమ్మిదేళ్లు ఉంటావా?

నీలి_కార్డు
ఉండను. నేను ఏడవడం లేదన్నా. "ప్రతి మనిషికీ" అన్న మాట తప్పని చెబుతున్నానంతే.

విశాఖ_విహారి
నీలి_కార్డు గారూ, మీ పోస్టు బాబాయికి చదివి వినిపించాను. "అయితే నివాసులకు ఇస్తున్నారు కదా, నేను అన్నది అదే" అన్నారు. అన్నయ్యేమో "నలుగురిలో ఒకరికి లేదు కదా, నేను అన్నది అదే" అన్నాడు. ఇద్దరూ గెలిచారు.

మరి ఎన్నికల సంగతి ఏమిటి? మన దగ్గర డబ్బులిస్తే ఓట్ల కోసం అంటాం. అక్కడ ఎవరి కోసం?

పాత_సంపాదకుడు
ప్రశ్న అంటే ఇదీ. పాలనాధిపతిని జనం ఎన్నుకోరు, 400 మంది కమిటీ ఎన్నుకుంటుంది. 2024లో నిలబడింది ఒక్కరే, సామ్ హావు ఫై. అంతకుముందు పై కోర్టు అధ్యక్షుడు, పైన చెప్పిన లంచాల కార్యదర్శికి శిక్ష వేసిన ధర్మాసనానికి ఆయనే పెద్ద. 394 ఓట్లు వచ్చాయి. శాసనసభలో 33 స్థానాలు. నేరుగా జనం ఓటుతో 14, సంఘాల ద్వారా 12, పాలనాధిపతి నియమించేవి 7. వాడవాడకో సంఘం, వృత్తికో సంఘం, ఊరివాళ్ల సంఘం. ముసలివాళ్లకు భోజనం పెట్టేదీ వాళ్లే, ఓట్లు కూడగట్టేదీ వాళ్లే. మన కులసంఘాలూ కాలనీ సంఘాలూ కలిపి ఊహించుకోండి.

2021లో 21 మంది అభ్యర్థులను దేశభక్తి చాలదని పోటీకి అనర్హులన్నారు. వారిలో అప్పటికి సభలో ఉన్నవాళ్లూ ఉన్నారు. ఓటింగు 42 శాతానికి పడిపోయింది. 2025 జూలైలో ఒక మాజీ శాసనసభ్యుడిని జాతీయ భద్రత చట్టం కింద అరెస్టు చేశారు. ఇరవై ఏళ్లు సభలో కూర్చున్న బడిపంతులు.

ధర్మపన్నాలు
హాంగ్‌కాంగ్‌లో లాగా గొడవలు లేవు కదా. కడుపు నిండినవాడు గొడవ చేయడు.

పాత_సంపాదకుడు
చేశారండీ. 2014 మేలో దిగిపోయే పెద్ద అధికారులకు భారీ భరణాలు ఇచ్చే బిల్లు తెస్తే సుమారు ఇరవైవేల మంది రోడ్డెక్కారు. మకావు కొలతలో అది మహాసముద్రం. బిల్లు వెనక్కి తీసుకున్నారు. చెక్కు అందుకుంటూనే చేశారు ఆ పని.

లెక్కల_పంతులు
ఈ మాట ఒప్పుకుంటాను. నోరు నొక్కడం అన్న నా మాట కూడా వెనక్కి తీసుకుంటున్నాను, అసలు ఆ మాట తెచ్చింది నేనే.

గుంటూరు_సత్యవతి
నాకొక సందేహం. ఊరినిండా జూదగృహాలుంటే ఇళ్లు గుల్లకావా? మా మేనమామ పేకాటలో రెండెకరాలు పోగొట్టాడు. అది కూడా చీట్లపేకే, ఏ కాసినో లేదు.

నీలి_కార్డు
అమ్మా, దీని గురించి కట్టుబాట్లున్నాయి. ప్రభుత్వోద్యోగులు కాసినోలో అడుగుపెట్టకూడదు, చైనా కొత్త సంవత్సరం మొదటి మూడు రోజులు తప్ప. కాసినో ఉద్యోగులకు కూడా డ్యూటీలో లేనప్పుడు ప్రవేశం లేదు, ఆ మూడు రోజులే మినహాయింపు. 21 ఏళ్లు నిండనివాడు రాకూడదు. సింగపూరులో లాగా స్థానికులకు ప్రవేశ రుసుము మాత్రం లేదు.

గుల్లయ్యేవి ఎక్కువగా సరిహద్దు అవతలి ఇళ్లు. కాసినోల చుట్టూ తాకట్టు దుకాణాలే, గబ్బిలం నాణేన్ని పట్టుకున్నట్టు నియాన్ దీపాల గుర్తు ఉంటుంది. అద్దం వెనక వాచీలు, ఉంగరాలు. ఒకసారి ఒక అరలో పిల్లల వెండి మొలతాడు లాంటిది చూశాను. మర్నాడు ఆ దారిలో పోలేదు.

గుంటూరు_సత్యవతి
అయ్యో.

కారం_పొడి
అక్కడ ఎక్కువగా ఆడేది బాకరా అనే పేకాట అట కదా. ఆడేవాడిని ఏమనాలో పేరులోనే ఉంది.

యానాం_కుర్రాడు
అవతలివాడు గేటు వేసేస్తే? మా ఊరికి ఆ భయం ఎప్పుడూ ఉంటుంది, పక్క రాష్ట్రం పన్ను తగ్గించిన నాడు మా దుకాణాలు ఖాళీ.

లెక్కల_పంతులు
వేశారు కూడా. 2003లో సార్స్ జబ్బు తర్వాత చైనా తన పౌరులను విడివిడిగా మకావుకు వెళ్లనివ్వడం మొదలుపెట్టింది. 1962 నుంచి ఒకే సంస్థ గుత్తాధిపత్యంలో ఉన్న జూదం 2002లో పోటీకి తెరుచుకుంది. రెండూ కలిసి 2006కే లాస్ వేగస్‌ను దాటించాయి. 2013లో రాబడి 36,000 కోట్ల పటాకాలు. తర్వాత చైనాలో అవినీతి ఏరివేత మొదలైతే పెద్ద పందేలు కాసేవాళ్లు రావడం తగ్గించారు. 2019లో 29,200 కోట్లు, కరోనా వచ్చిన 2020లో 6,000 కోట్లు, 2022లో 4,200 కోట్లు. పెద్ద ఆటగాళ్లను తెచ్చి అప్పులిచ్చే మధ్యవర్తుల్లో అందరికంటే పెద్దవాడికి 2023 జనవరిలో 18 ఏళ్ల జైలు.

అయినా ఆ మూడేళ్లూ చెక్కులు ఆగలేదు. 2020లో జూలై దాకా ఆగకుండా ఏప్రిల్‌లోనే ఇచ్చారు. నిల్వ అంత ఉంది. అది మాత్రం మెచ్చుకోవాలి, మనవాళ్లు అప్పు తెచ్చి పంచుతారు.

నీలి_కార్డు
ఆ మూడేళ్లు నేను చూశాను. నీలి కార్డుల వాళ్లు పదివేలకు పదివేలు ఇళ్లకు వెళ్లిపోయారు, అంటే పంపేశారు. నా గదిలో నలుగురం ఉండేవాళ్లం, చివరికి ఇద్దరం మిగిలాం. స్థానికుడికి చెక్కు, సర్కారు డబ్బు వేసిన కొనుగోలు కార్డు. మాకు జీతం లేని సెలవు.

దీపం ఉండగానే ఇల్లు చక్కబెట్టుకోవాలని వాళ్లకూ తెలుసు. పక్కనే చైనా నేల మీద హెంగ్‌చిన్ ద్వీపం ఉంది, మకావుకు మూడింతలు. 2021 నుంచి ఇద్దరూ కలిసి నడిపే ఆర్థిక మండలం. వైద్యం, చైనా మందులు, సదస్సులు అంటున్నారు. మకావు విశ్వవిద్యాలయం 2014లోనే అక్కడికి మారింది, నీటి అడుగున సొరంగం గుండా వెళ్లాలి. ఆవరణ లోపల మకావు చట్టం, గోడ అవతల చైనా చట్టం. కానీ ఖజానా నింపేది ఇప్పటికీ టేబుల్ మీది ముక్కలే.

ఇంకో మార్పు. 2025 నుంచి ఏడాదికి 183 రోజులు మకావులో ఉన్నవాళ్లకే చెక్కు. చదువులకు, వైద్యానికి బయట ఉన్నవాళ్లకూ ఇంకొందరికీ మినహాయింపులున్నాయి. అంతకుముందు లిస్బన్‌లోనో వాంకూవర్‌లోనో ఉంటూ చెక్కు అందుకునేవాళ్లుండేవారు.

దుబాయ్_రమణ
ఊళ్లో లేనివాడికి ఇచ్చారు, ఊళ్లో పనిచేసేవాడికి ఇవ్వలేదు. సరే.

విశాఖ_విహారి
ఈ దారం మొత్తం అచ్చుతీసి ఇద్దరికీ చెరో ప్రతి ఇచ్చాను. బాబాయి యానాం పోస్టు రెండుసార్లు చదివారు, వాళ్ల మేనత్త పెళ్లి అక్కడే అయిందట, ఇన్నాళ్లూ ఎందుకో తెలియదట. అన్నయ్య బాబాయికి తానే కాఫీ తెచ్చి ఇచ్చాడు. ఆ బిస్కట్ల డబ్బా రేపు వ్రతానికి వచ్చినవాళ్లకు ప్రసాదంతో పాటు పంచుతామంటున్నారు. బాదం బిస్కట్లు, వాసన అచ్చం సున్నుండలు.

హాంగ్‌కాంగ్_ఇల్లాలు
ఆగండాగండి. అవి బాదంతో పాటు పెసరపిండితో చేస్తారు, అందుకే ఆ వాసన. కానీ పాత పద్ధతిలో కలిపేది నెయ్యి కాదు, పందికొవ్వు. డబ్బా వెనక చూశారా?

విశాఖ_విహారి
వెనక అంతా చైనా అక్షరాలు, పోర్చుగీసు. ఫొటో పెడుతున్నాను. నీలి_కార్డు గారూ, కాస్త చదివి పెట్టండి, తొందరగా.

నీలి_కార్డు
నాలుగో పదార్థం. పంచకండి.